గుఱ్ఱముల మేతలో భాస్వరము: తవుడు వలన కలుగు ఎముకల వ్యాధి

ఎద్దును గుఱ్ఱమును ఉన్న యింట రెంటికిని ఒకే గంపనుండి తవుడు తీసి పెట్టుట సులభముగా తోచును. ఎద్దు దానితో బలియును. గుఱ్ఱమును మొదట ఒంటి నిగారింపుతో కండపట్టి కనబడును. కాని కొన్ని మాసములు గడచిన పిమ్మట నేడొక కాలు, రేపొక కాలు కుంటుచు, మేత నమలుటకు జంకుచు, తుదకు ముఖపుటెముకలు ఉబ్బి పనికిరానిదగును. అడుగునకు నాడా మార్చి, కీళ్లకు నూనె మర్దించి, కాక వేయించి ధనమును కాలమును వెచ్చించినను గుణము కనబడదు. వ్యాధి కాలిలో లేదు, గంపలోనున్నది. ఎద్దునకు కొఱవడు భాస్వరమును తవుడు తీర్చును. గుఱ్ఱమునకు అదే భాస్వరము మితిమీఱి ఎముకను తినివేయును. ఈ భేదమునకు గల కారణమును తెలిసికొన్న రైతు తన గుఱ్ఱమును తానే కాపాడుకొనగలడు.

భాస్వరమను ధాతువును 1669వ సంవత్సరమున హాంబర్గు పట్టణమందు బ్రాండు అనునతడు మూత్రమును కాచి తీసెను. చీకటిలో వెలుగుచుండుటచే దానికి వెలుగును సూచించు పేరే వచ్చినది. తెలుగు పేరును అట్టిదే. అది ఎముకలలోనున్నదని గాన్, షీలే అను స్వీడను దేశపు పండితులు 1769 ప్రాంతమున కనుగొనిరి. జంతుశరీరమునందలి భాస్వరములో నూటికి సుమారు 80 పాళ్లు ఎముకలలోను పండ్లలోను ఉండును. మిగిలినది రక్తమునందును, కండలయందును ఉండి, మేతనుండి వచ్చిన సత్తువను పనిగా మార్చుటకు తోడ్పడును. ఎముకలో భాస్వరము ఒంటరిగా నుండదు. సున్నమునందుండు ధాతువగు కాల్షియముతో కూడి, తూకమున రెండు పాళ్లు కాల్షియమునకు ఒక పాలు భాస్వరముగా కట్టువడి యుండును. ఇంటిగోడలో రాయియు సున్నమును వలె ఈ రెండును కలసియే నిలుచును. ఒకటి యెంత హెచ్చుగా నున్నను రెండవది లేనిదే గోడ లేవదు. పైగా గుఱ్ఱము విషయమున ఒకటి హెచ్చుట రెండవదానిని పాడుచేయును.

మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతములందలి చల్కా, దుబ్బ నేలలు చాలవఱకు భాస్వరములో పేదవి. అట్టి నేలలో పండిన పైరునందు ఉన్న కొద్దిపాటి భాస్వరమును గింజ కట్టు కాలమున ఆకునుండియు కాడనుండియు గింజలోనికి చేరును. కావున కోత ముగిసిన పిమ్మట మిగులు జొన్నచొప్పయు వరిగడ్డియు భాస్వరములో మిక్కిలి బీదవి. నూఱుకిలోల వరిగడ్డిలో 80 గ్రాములకు అటునిటుగా మాత్రమే యుండును. గింజలో చేరినదియు అంతటను సమముగా నుండక పై పొరలయందు పోగుపడును. బియ్యమును తెల్లగా మరపట్టినప్పుడు ఆ పొరలే తవుడుగా వచ్చును. అందుచే నూఱుకిలోల తవుడులో సుమారు కిలోన్నర భాస్వరముండగా, కాల్షియము నూఱు గ్రాములైనను ఉండదు. గోధుమపొట్టును ఇంచుమించుగా ఈ తీరుదే, దానిలో భాస్వరము నూటికొక పాలు. నూనె తీసిన తవుడులోను భాస్వరమేమియు తగ్గదు. నూనె పోయిన కొలది తక్కినది చిక్కబడును.

ఎద్దులు, ఆవులు, గేదెలు కేవలము ఎండుచొప్పపై బ్రదుకు వేసవియందు వానికి భాస్వరపు లేమి కలుగును. పశువు ఎముకలను, గుడ్డపేలికలను, మట్టిని నమలుట దీనికి గుఱుతు. దక్షిణాఫ్రికాలో థైలరు అను పశువైద్యుడు 1920 ప్రాంతమున బీడునేలల పశువులు చచ్చిన జంతువుల ఎముకలను కొఱుకుట చూచి, ఆ ఆకలికి కారణము గడ్డిలో భాస్వరము లేమియే యనియు, క్రుళ్లిన ఎముకలలోని విషమే వానిని పక్షవాతమువలె పడవేసి చంపుచున్నదనియు నిర్ణయించెను. భాస్వరము చేర్చగా పశువులు ఎముకల జోలి మానినవి. ఈనిన కొలది వారములకు గేదె ఎఱ్ఱని మూత్రము పోయుటయు కొన్ని పట్ల భాస్వరపు లేమివలననే కలుగును; ఐతే గోమారులవలన వచ్చు జ్వరమునందును మూత్రము ఎఱ్ఱనగును గనుక ఆ రెంటిని వేరుపఱచుట పశువైద్యుని పని. ఎట్లైనను, చొప్ప తిను ఎద్దునకును పాడిపశువునకును తవుడు పెట్టుట తగిన పనియే. పశువునకు మేలుచేసినది గుఱ్ఱమునకును మేలుచేయునను ఊహయే పొరపాటు.

గుఱ్ఱము నెమరువేయు జంతువు కాదు. ఎద్దు పొట్టలో మేత మొదట పెద్ద తిత్తియందు నాని, సూక్ష్మజీవులచే చీలి, పిమ్మట ప్రేగులలోనికి పోవును. తవుడులోని భాస్వరములో అధికభాగము ఫైటేటు అను గట్టి కూటమిగా నుండును. ఎద్దునందు ఆ కూటమి తిత్తిలోనే విడిపోవును. గుఱ్ఱమునందు ఇట్టి సూక్ష్మజీవులు వెనుకనుండు పెద్దప్రేగులో గలవు. కాల్షియము నెత్తురులోనికి చేరవలసిన చోటు దానికి ముందుండు చిన్నప్రేగు. కావున విడివడని ఫైటేటును, హెచ్చుగానున్న భాస్వరమును చిన్నప్రేగులోనే కాల్షియమును అడ్డగించి, పేడతో వెలికి తీసికొనిపోవును. నెత్తురులో కాల్షియము తగ్గుట గుండెకును కండలకును ప్రాణాపాయము. అందుచే మెడలోనుండు చిన్న గ్రంథులు మేలుకొని, ఒక రసమును నెత్తురులోనికి విడిచి, ఎముకలనుండి కాల్షియమును బలవంతముగా తెప్పించును. ఒక దినము, రెండు దినములైన బాధ లేదు. నెలల తరబడి ఇట్లు జరిగినచో ఎముకలోని గట్టి పదార్థము పోయి, ఆ తావున మెత్తని నారపదార్థము పెరుగును. అది ఎముకకన్న ఎక్కువ చోటాక్రమించును గనుక ముఖము ఉబ్బి కనబడును. ఉబ్బిన తల బలిసిన తల కాదు, గుల్లయైన తల.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. యూరోపుఖండమున పిండిమరల యజమానుల గుఱ్ఱములకు ఇది హెచ్చుగా వచ్చుచుండుటచే దీనికి మరవాని గుఱ్ఱపు వ్యాధియనియు, పొట్టు వ్యాధియనియు పేళ్లు కలిగినవి. మరయందు ఉచితముగా దొరకు పొట్టు గుఱ్ఱమునకు పెట్టుట వారికి లాభముగా తోచినది. ఫిలిప్పీను దీవులలో అమెరికా సైన్యపు గుఱ్ఱములకు ఎముకలు మెత్తబడు వ్యాధి కలుగుచుండగా, కింట్నరు, హోల్టు అను సైనిక పశువైద్యులు దానిని శోధించి 1932లో ప్రకటించిరి. మేతలో కాల్షియము తక్కువయు భాస్వరము ఎక్కువయునై యుండుటయే మూలమని అందు తేలినది.

పాలమూరు సీమకు ఈ విషయము ఇప్పుడు మునుపటికన్న ముఖ్యమైనది. జొన్న పండిన కాలమున గుఱ్ఱమునకు జొన్నచొప్పయు ఉలువలును మేత. జూరాల జలాశయమును, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్, కల్వకుర్తి ఎత్తిపోతల పథకములును వచ్చిన పిమ్మట వరి పెరిగి జొన్న తగ్గినది. ఇంటింట వరిగడ్డి, ఊరూర మర, మరలో తవుడు. పెండ్లి ఊరేగింపులకును, స్వారికిని గుఱ్ఱములను పెంచువారు సులభముగా దొరకు ఈ రెంటిని కలిపి పెట్టినచో మరవాని గుఱ్ఱపు కథయే ఇచట జరుగును.

ఎంత పెట్టినచో ఎంత లోపమగునో లెక్కవేసి చూడవలయును. 250 కిలోల తూకముగల పెద్ద గుఱ్ఱమునకు, పని లేనప్పుడు, దినమునకు కాల్షియము 10 గ్రాములును భాస్వరము 7 గ్రాములును చాలును. దానికి మూడు కిలోల వరిగడ్డి, రెండు కిలోల తవుడు పెట్టుచున్నారనుకొందము. గడ్డినుండి కాల్షియము 7 లేక 8 గ్రాములు, తవుడునుండి గ్రామున్నర, వెరసి సుమారు 9 గ్రాములు వచ్చును. భాస్వరము గడ్డినుండి రెండున్నర, తవుడునుండి 32, వెరసి 34 గ్రాములకు పైబడును. కాల్షియము ఒక పాలైన భాస్వరము నాలుగు పాళ్లు! ఉండవలసిన దాని తలక్రిందుగా నున్నది. గుఱ్ఱపు మేతలో కాల్షియము ఎన్నడును భాస్వరమునకు తక్కువ కారాదు. ఒకటిన్నర మొదలు రెండు పాళ్లవఱకు ఉండుట మేలు. భాస్వరము చాలినంత ఉన్నపుడు కాల్షియము అంతకు కొంత హెచ్చినను పెద్ద గుఱ్ఱమునకు హాని లేదు. అది మిగిలిన కాల్షియమును మూత్రముతో విడిచివేయును. ఆరోగ్యముగానున్న గుఱ్ఱపు మూత్రము సున్నపు తేటవలె మసకగా నుండుటకు కారణమిదియే. మసకమూత్రము చూచి వ్యాధియని భయపడువారు కలరు, అది సహజము.

అదే గుఱ్ఱమునకు రెండున్నర కిలోల జొన్నచొప్ప, కిలోన్నర ఎండిన పల్లితీగ, ఒక కిలో ఉలువలు పెట్టినచో లెక్క మాఱిపోవును. పల్లితీగ పప్పుజాతి మేత గనుక దానిలో కాల్షియము నూటికి ఒక పాలు వఱకు ఉండును. ఈ మేతనంతటిని కూడగా కాల్షియము సుమారు 26 గ్రాములు, భాస్వరము సుమారు 8 గ్రాములు వచ్చును. దీనిపై అరకిలో తవుడు పెట్టినను భాస్వరము 16 గ్రాములకు మించదు. పాళ్లు సరిగా నిలుచును. కాబట్టి తవుడును గుఱ్ఱపు సాలనుండి వెడలగొట్ట నక్కఱలేదు. దానిని గింజకు బదులు ప్రధానమైన మేతగా చేయుటయే తగనిది. వారమున కొకమాఱు తవుడును వేడినీట నానబెట్టి పెట్టు పాత అలవాటు వలన ఎముకకు చెఱుపు లేదు. వనపర్తి, గద్వాల మొదలగు చోట్ల పల్లి పండించు రైతులు తీగను పొలముననే పాడుకానీయక నీడనారబెట్టి దాచుకొన్నచో సున్నము కొనుటకు పోనక్కఱలేదు. ఐతే వానకు తడిసి బూజుపట్టిన తీగను గుఱ్ఱమునకు పెట్టరాదు. బూజుపట్టిన పల్లిపిండియు నట్టిదే. దానిలోని విషము కార్జమును చెఱచును.

ఉలువలను గూర్చి ఒక మాట చెప్పవలయును. దక్షిణదేశమున గుఱ్ఱములకు మేపుటచేతనే ఆంగ్లేయులు వీనిని గుఱ్ఱపు శనగలని తమ భాషలో పేర్కొనిరి. వనపర్తి సంస్థానాధీశ్వరుడైన రాజా రామేశ్వరరావు పందొమ్మిదవ శతాబ్దమున సిద్దీలతో నొక గుఱ్ఱపుదళము నిలిపెను. పిమ్మట అది నిజాము కొలువునకు చేరినది, హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ అను పేట పేరు దానివలన కలిగినదే. ఆ కాలపు సాహిణులకు ధాతువుల లెక్కలు తెలియవు. ఐనను ఉలువలు మంచి మేతయని వారు గ్రహించుటకు కారణము నేటి పరీక్షలలో కనబడుచున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికలలో నూఱు గ్రాముల ఉలువలకు కాల్షియము 287 మిల్లీగ్రాములు, భాస్వరము 311 మిల్లీగ్రాములు. జొన్నలకు కాల్షియము 25, భాస్వరము 222. గింజలలో రెండు ధాతువులును ఇంచుమించు సరిసమానముగా నుండుట అరుదు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, యవలు అన్నియు భాస్వరమువైపే మొగ్గును. తవుడంత కాకున్నను మొగ్గును. ఉలువలను ఉడికించి, చల్లార్చి పెట్టవలయును. పచ్చివానిలో మాంసకృత్తులు జీర్ణము కానీయని పదార్థమొకటి కలదు, ఉడికించిన అది చెడును.

పచ్చిమేత పెట్టుచున్నాము గదా యని నిశ్చింతగా నుండరాదు. కొన్ని గడ్డులలో ఆక్సలేటు అను ఆమ్లలవణము హెచ్చుగా నుండి, అదియు కాల్షియమును పట్టి విడువదు. 1970 దశకమున ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు నందు తవుడు తినని గుఱ్ఱములకును తల ఉబ్బు వ్యాధి కలిగినది. బీళ్లలో వేసిన అంజన్ గడ్డి, సెటేరియా గడ్డి అందులకు కారణమని తేలినది. నేపియర్ గడ్డియు, వరిగడ్డియు ఈ దోషము గలవే. పశువులకు వీనివలన ఇంత భయము లేదు, తిత్తిలోని సూక్ష్మజీవులు ఆక్సలేటును చాలవఱకు విఱుగగొట్టును. గుఱ్ఱమునకు మాత్రము నేపియర్ గడ్డియొక్కటే మేతగా నుండరాదు. లూసర్ను గాని, పల్లితీగ గాని, జొన్నచొప్ప గాని కలుపవలయును.

చూలు గుఱ్ఱమునకును, పాలిచ్చు గుఱ్ఱమునకును, పిల్లకును ఈ జాగ్రత్త రెట్టింపు కావలయును. పైన చెప్పిన తూకముగల ఆడుగుఱ్ఱమునకు ఈనబోవు నెలలో కాల్షియము 18 గ్రాములు, భాస్వరము 13 గ్రాములు కావలయును. ఈనిన మొదటి మాసమున కాల్షియము 30, భాస్వరము 19. ఇచట భాస్వరమును తక్కువ కారాదని గుర్తింపవలయును. వట్టి చొప్పపై నుంచిన తల్లికి రెండు ధాతువులును చాలవు. మేతలో లేనిదానిని తల్లి తన ఎముకనుండి తీసి పాలలో పోయును. పాలు విడిచిన పిల్లను త్వరగా పెంచవలెనని తవుడు కుమ్మరించుట వలన కాళ్లు వంకరలు పోవుటయు, కీళ్లు లావగుటయు, ఎముక చిట్లుటయు సంభవించును. పిల్లకు ఉలువలు, మంచి పప్పుజాతి మేత, తగుమాత్రపు తవుడు చాలును.

వ్యాధిని మొదటనే కనిపెట్టు విధము: గుఱ్ఱము నిలుకడలేని కుంటు కుంటును, ఒక కాలినుండి మఱియొక కాలికి బాధ మాఱును. వెన్ను వంచి, అడుగు చిన్నదిగా వేయును. పండ్లు కదలుటచే నమలుట నెమ్మదించి, సగము నమిలిన మేతను నోటినుండి జార్చును. క్రింది దవడ ఎముకను రెండు ప్రక్కల వ్రేళ్లతో పట్టి చూచినచో అంచు పదునుగా నుండుటకు మాఱు మొద్దుగా, లావుగా తగులును; ముఖము ఉబ్బకముందే కొన్నిటియందు ఇది తెలియును. పిమ్మట కన్నులక్రింద ముక్కునకు ఇరుప్రక్కల సమముగా వాపు కనబడును. ముక్కురంధ్రములు ఇఱుకై ఊపిరిలో చప్పుడు కలుగును. ఒకప్రక్క మాత్రమే వాచినచో అది పంటిక్రింది చీము కావచ్చును, ఈ వ్యాధి కాదు. నెత్తురు పరీక్షలో కాల్షియము సరిగానున్నదని వచ్చినను మోసపోరాదు. ఎముకను కరిగించియే శరీరము ఆ లెక్కను సరిచేయుచుండును. గుఱ్ఱము ఏమి తినుచున్నదో, ఎంత తూకము తినుచున్నదో పశువైద్యునికి సరిగా చెప్పుట ముఖ్యము.

మేత మార్చుటయే మందు. తవుడును పది పండ్రెండు దినములలో క్రమముగా తగ్గించి, ఉలువలును పప్పుజాతి మేతయు హెచ్చింపవలయును. ఒక్కపెట్టున మార్చినచో కడుపునొప్పి వచ్చును. దానాలో కలుపుటకై అమ్ము సున్నపురాయి పొడిని వైద్యుడు చెప్పిన కొలతలో తడిపిన దానాలో కలిపి పెట్టవచ్చును. దానిలో కాల్షియము నూటికి 38 పాళ్ల వఱకుండును. కాల్చిన సున్నము పెట్టరాదు, నోటిని ప్రేగును కాల్చును. తవుడు తగ్గింపక సున్నపుపొడితోనే సరిపెట్టుకొందమనుట పొసగదు: పైన చెప్పిన రెండు కిలోల తవుడు మేతను ఒకటిన్నర పాళ్లకు తెచ్చుటకు దినమునకు నూఱు గ్రాములకు పైగా పొడి కావలయును, అంత కలిసిన దానాను గుఱ్ఱము మూతితో త్రోసివేయును.

రెండు ధాతువులును చాలని మేతకు, అనగా వట్టి చొప్ప తిను తల్లిగుఱ్ఱములకును పాడిపశువులకును, డైకాల్షియము ఫాస్ఫేటు తగినది. అందు కాల్షియము నూటికి సుమారు 23, భాస్వరము 18. తవుడు హెచ్చుగా తిని వ్యాధి పడిన గుఱ్ఱమునకు దీనిని పెట్టుట ఉన్న భాస్వరముపై మఱికొంత పోయుటయే. పూర్వము ఎముకల పొడి వాడుచుండిరి. సరిగా ఆవిరిపట్టని ఎముకలవలన దొమ్మవ్యాధి వ్యాపించుననియు, పిమ్మట 1980 దశకమున బ్రిటనులో పశువుల మెదడు వ్యాధి ఇట్టి మేతలవలన ప్రబలినందునను, పొలమున ఏఱిన ఎముకలను ఇంట దంచి పెట్టుట మానుటయే శ్రేయము.

ఎరువుకొఱకు తెచ్చిన సూపర్ ఫాస్ఫేటును గాని, భాస్వరపు రాతిపొడిని గాని దానాలో కలుపరాదు. ఆ రాతిలో ఫ్లోరిను నూటికి మూడు నాలుగు పాళ్లుండును. నల్లగొండ మండలమున మునుగోడు, మఱ్ఱిగూడ మొదలగు చోట్ల భూగర్భజలమునందే ఫ్లోరైడు హెచ్చు. పూర్వపు హైదరాబాదు రాజ్యమున కొన్ని తావుల పశువులకు ఫ్లోరిను వ్యాధి కలదని 1934లోనే మహాజన్ అనునతడు తెలిపియుండెను. నెల్లూరు సీమలో ఎద్దులు కీళ్లు బిగిసి నడువలేకపోవుట రైతులు కనిపెట్టినదియు ఆ దశకముననే. అట్టి గ్రామములలో గుఱ్ఱము బిగిసి నడచుచున్నచో తవుడు కారణమో, నీరు కారణమో విచారింపవలయును. పండ్లపై గోధుమవన్నె మచ్చలు, గుంటలు పడి అరిగియున్నచో నీటిపై అనుమానము హెచ్చు. పండ్లు చక్కగానుండి కదలుచు దవడ లావైనచో మేతపై అనుమానము హెచ్చు. బోరు నీరు మానిపించి చెఱువు నీరు గాని వాననీరు గాని త్రాగింపగలిగిన చోట అట్లు చేయవలయును.

మేత మార్చిన పిమ్మట కుంటు నాలుగైదు వారములలో తగ్గుట కారంభించును. అది చూచి గుఱ్ఱమును వెంటనే పనికి కట్టరాదు, ఎముక ఇంకను గుల్లగానే యుండును; చిన్న త్రొక్కిసలాటలోనే విఱుగును, కండను ఎముకకు పట్టియుంచు నరములును ఊడివచ్చును. ఎముక పూర్తిగా గట్టిపడుటకు తొమ్మిది మొదలు పండ్రెండు మాసములు పట్టును. అంతవఱకు దానిని మెత్తని నేలపై విడిచి మేపవలయును. ముఖముమీది వాపు చాల గుఱ్ఱములయందు పూర్తిగా పోదు.